రాజుగారి కళ్లు, రాజుగారి చెవులు: సవాక్ ఇరవై రెండేళ్ల చరిత్ర

1953 ఆగస్టు 15 అర్ధరాత్రి టెహ్రాన్‌లో ప్రధానమంత్రి మొహమ్మద్ మొసాద్దెక్ ఇంటి ముందుకు ఒక సైనికాధికారి వచ్చాడు. అతని చేతిలో ప్రధానిని పదవి నుంచి తొలగిస్తూ షా సంతకం చేసిన ఫర్మానా ఉంది. మొసాద్దెక్‌కు అప్పటికే ఉప్పందింది. ఫర్మానా తెచ్చిన అధికారిని అక్కడికక్కడే అరెస్టు చేయించాడు. షా మొహమ్మద్ రెజా పహ్లవీ విమానమెక్కి బాగ్దాద్‌కు, అక్కడి నుంచి రోముకు పారిపోయాడు. కుట్ర విఫలమైందని అందరూ అనుకున్నారు. నాలుగు రోజులు తిరగకుండానే, ఆగస్టు 19న, సీఐఏ, బ్రిటిష్ గూఢచార సంస్థల అండతో సైన్యం వీధుల్లోకి వచ్చింది. మొసాద్దెక్ కూలిపోయాడు. చమురును జాతీయం చేసిన నేత ఖైదీ అయ్యాడు, పారిపోయిన రాజు తిరిగొచ్చి సింహాసనమెక్కాడు.

ఆ రాత్రి ఫర్మానా మోసుకొచ్చిన కర్నల్ పేరు నెమతొల్లా నసీరీ. తరువాతి కాలంలో అతడు జనరల్ అయ్యాడు. ఇరాన్ రహస్య పోలీసు సంస్థ సవాక్‌కు పదమూడేళ్లపాటు అధిపతిగా ఉన్నాడు. అతణ్ణి చివరకు జైలుకు పంపింది కూడా షాయే. సవాక్ చరిత్ర మొత్తాన్ని ఈ ఒక్క మనిషి జీవితంలో చూడవచ్చు.

మన నీతిశాస్త్రాలు రాజును 'చారచక్షువు' అన్నాయి. చారులే కళ్లుగా కలవాడని అర్థం. ప్రాచీన పారశీక చక్రవర్తులకు 'రాజుగారి కళ్లు', 'రాజుగారి చెవులు' అని పిలిచే వేగులవారు ఉండేవారని గ్రీకు చరిత్రకారులు రాశారు. పాలకుడికి సమాచారం కావాలన్నది ఆ పాత భావన సారాంశం. సవాక్ కథలో ఆ భావన తలకిందులైంది. రాజుకు కళ్లుగా పుట్టిన సంస్థ ఆ రాజునే గుడ్డివాణ్ణి చేసింది. ఆ పరిణామం ఎలా జరిగిందో ఇరాన్‌తో సంబంధం లేని మనం కూడా తెలుసుకోవాలి.

చట్టం చేసి మరీ పెట్టిన సంస్థ

సవాక్ పేరుకు పూర్తి అర్థం 'దేశ సమాచార, భద్రతా సంస్థ'. ఇది 1957లో మజ్లిస్ ఆమోదించిన చట్టం ద్వారా ఏర్పడింది. అంటే కాగితం మీద దానికి పార్లమెంటు అనుమతి ఉంది. సంస్థ అధిపతికి ఉపప్రధాని హోదా ఇచ్చారు. కార్యాలయం ప్రధానమంత్రి కింద ఉన్నట్టు రాశారు. వాస్తవంలో అధిపతి జవాబు చెప్పుకోవలసింది షాకు ఒక్కడికే. ఆ చట్టంలోనే ఉన్న అసలు కిటుకు మరొకటి. సవాక్ అధికారులకు సైనిక న్యాయవ్యవస్థకు చెందిన దర్యాప్తు అధికారుల హోదా కల్పించారు. ఫలితంగా అరెస్టు చేసేదీ, ప్రశ్నించేదీ, అభియోగం తయారుచేసేదీ ఒకే సంస్థ. కేసు వెళ్లేది సైనిక ట్రిబ్యునల్‌కు. మామూలు న్యాయమూర్తి కంట పడకుండానే ఒక మనిషి జీవితం తేలిపోయేది.

పునాదులు అంతకుముందే పడ్డాయి. కుట్ర తరువాత టెహ్రాన్ సైనిక గవర్నరుగా నియమితుడైన తైమూర్ బఖ్తియార్ 1954లో సైన్యంలోని తూదే పార్టీ రహస్య విభాగాన్ని పట్టుకున్నాడు. వందలాది అధికారులు జైలు పాలయ్యారు, కొందరిని కాల్చి చంపారు. సైన్యంలో అంతమంది కమ్యూనిస్టులు ఉన్నారన్న సంగతి షాను, అతని అమెరికన్ మిత్రులను కలవరపెట్టింది. సీఐఏ శిక్షకులు వచ్చారు. తరువాతి దశలో ఇజ్రాయెల్‌కు చెందిన మొసాద్ ఆ పని అందుకుంది. బఖ్తియార్ సవాక్ మొదటి అధిపతి అయ్యాడు.

నాలుగేళ్లకే అతని మీద రాజుకు అనుమానం పుట్టింది. 1961లో పదవి పోయింది, తరువాత దేశం విడిచిపోవలసి వచ్చింది. ఇరాక్‌లో కూర్చుని షాకు వ్యతిరేకంగా కుట్రలు పన్నుతున్న అతణ్ణి 1970 ఆగస్టులో, వేటకు వెళ్లినప్పుడు, వెంట ఉన్న సవాక్ ఏజెంట్లే చంపారు. సంస్థను నిర్మించిన మొదటి అధిపతి ఆ సంస్థ చేతిలోనే హతమయ్యాడు.

రాజు అనుమానం ఒక్క బఖ్తియార్‌తో ఆగలేదు. సవాక్ మీద నిఘాకు సైనిక గూఢచార విభాగం ఉండేది. ఆ రెండింటి మీద నిఘాకు 'ప్రత్యేక సమాచార కార్యాలయం' ఉండేది. దానికి అధిపతి హుసేన్ ఫర్దూస్త్. స్విట్జర్లాండ్‌లో షాతో కలిసి చదువుకున్న చిన్ననాటి స్నేహితుడు. ఒకరి మీద ఒకరికి కాపలా పెట్టడం రాజతంత్రంలో పాత విద్యే. ఒక వార్తను ముగ్గురు వేగులు విడివిడిగా తెచ్చినప్పుడే నమ్మాలని కౌటిల్యుడు కూడా చెప్పాడు. అక్కడ ఉద్దేశం వార్తలోని నిజానిజాలు తేల్చుకోవడం. షా ఏర్పాటులో ఉద్దేశం ఏ ఒక్క అధికారీ తనకు పోటీగా ఎదగకుండా చూసుకోవడం. ఒకరినొకరు కనిపెట్టుకుంటూ బతికే అధికారులు రాజుకు చేదు నిజం చెప్పే సాహసం చేయరు.

పక్రవాన్ మాట

రెండో అధిపతి హసన్ పక్రవాన్ మిగిలినవారికి భిన్నమైనవాడు. చదువరి, మృదుభాషి. ప్రత్యర్థులతో మాట్లాడాలని నమ్మినవాడు. 1963 జూన్‌లో షా సంస్కరణలను ఎదిరించిన మతగురువు రుహొల్లా ఖొమైనీని అరెస్టు చేసినప్పుడు దేశమంతా అల్లర్లు చెలరేగాయి. ఖొమైనీకి మరణశిక్ష వేయాలన్న ఒత్తిడి రాజదర్బారులో బలంగా ఉంది. దాన్ని అడ్డుకున్నవారిలో పక్రవాన్ ముఖ్యుడు. నిర్బంధంలో ఉన్న ఖొమైనీతో అతడు క్రమం తప్పకుండా కలిసి భోజనం చేసేవాడని పక్రవాన్ భార్య తరువాత చెప్పింది. 1964 నవంబరులో ఖొమైనీని దేశం నుంచి పంపించారు. ముందు తుర్కియేకు, ఆపైన ఇరాక్‌లోని నజఫ్‌కు.

1965 జనవరిలో ప్రధాని హసన్ అలీ మన్సూర్‌ను మతవాద బృందం కాల్చి చంపింది. మెత్తదనమే ఇందుకు కారణమని నిర్ధారించి షా పక్రవాన్‌ను తప్పించాడు, తరువాత పాకిస్తాన్‌కు రాయబారిగా పంపాడు. ఆ స్థానంలోకి నసీరీ వచ్చాడు. సవాక్‌లో మాట్లాడే కాలం ముగిసి కొట్టే కాలం మొదలైంది.

1979 ఏప్రిల్‌లో విప్లవ న్యాయస్థానం పక్రవాన్‌కు మరణశిక్ష వేసింది. ఒకప్పుడు ఖొమైనీ ప్రాణం కోసం వాదించిన మనిషిని ఖొమైనీ రాజ్యం కాల్చి చంపింది.

భయం అనే ఆయుధం

1971 ఫిబ్రవరి 8న కాస్పియన్ తీరంలోని గీలాన్ ప్రాంతంలో, సియాహ్‌కల్ అనే ఊరి పోలీసు ఠాణా మీద ఒక చిన్న వామపక్ష గెరిల్లా దళం దాడి చేసింది. సైనికంగా అది విఫలమైన దాడి. రాజకీయంగా మాత్రం దేశంలోని యువతను కదిలించింది. మరుసటి ఏడాది సవాక్, పోలీసు, సైన్యం, జెండార్మరీ కలిసి 'ఉమ్మడి విధ్వంస నిరోధక కమిటీ' ఏర్పడింది. టెహ్రాన్ నడిబొడ్డున గుండ్రటి కట్టడంలో ఉన్న దాని జైలును జనం 'కమిటీ' అని మాత్రమే పిలిచేవారు. నగరం ఉత్తరాన కొండల అంచున ఎవిన్ జైలు వెలిసింది.

అక్కడ జరిగింది ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. అరికాళ్ల మీద తీగలతో కొట్టేవారు. నిద్ర పోనిచ్చేవారు కాదు. ఖైదీ కేకలు అతని చెవుల్లోనే మారుమోగేలా తలకు లోహపు తొడుగు వేసే కుర్చీ ఒకటుండేది. దానికి 'అపోలో' అని పేరు పెట్టారు. 1973లో 102 రోజులు నిర్బంధంలో ఉన్న రచయిత రెజా బరాహెనీ బయటపడి అమెరికా చేరి ఆ అనుభవాలను లోకానికి చాటాడు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, అంతర్జాతీయ న్యాయవేత్తల సంఘం నివేదికలు ఇచ్చాయి. 1971 నుంచి 1977 వరకు మూడు వందలకు పైగా గెరిల్లాలు ప్రాణాలు కోల్పోయారని చరిత్రకారుడు ఎర్వాండ్ అబ్రహామియన్ లెక్కగట్టాడు. వారిలో ఎక్కువమంది విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు.

ఒక ఘటన తెలుగు పాఠకుడికి మరీ పరిచితంగా అనిపిస్తుంది. 1975 ఏప్రిల్‌లో వామపక్ష సిద్ధాంతకర్త బిజన్ జజానీతో పాటు మొత్తం తొమ్మిదిమంది ఖైదీలు పారిపోవడానికి ప్రయత్నిస్తూ కాల్పుల్లో మరణించారని పత్రికల్లో ప్రకటన వచ్చింది. వాళ్లంతా అప్పటికే శిక్ష అనుభవిస్తున్నవారు. నాలుగేళ్ల తరువాత విచారణలో ఒక సవాక్ అధికారి నిజం బయటపెట్టాడు. కళ్లకు గంతలు కట్టి, చేతులు బంధించి, ఎవిన్ వెనుక కొండల్లోకి తీసుకెళ్లి కాల్చామన్నాడు. అదే 1975 జూలైలో, మన దేశంలో ఎమర్జెన్సీ విధించిన నెల రోజులకు, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు 'ఎన్‌కౌంటర్'లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వాళ్లను చెట్లకు కట్టి కాల్చారని తార్కుండే కమిటీ తేల్చింది. తరువాత వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ విచారణ ముగింపుకు చేరనేలేదు. రాజరికమైనా ప్రజాస్వామ్యమైనా, అడిగేవాడు లేనిచోట పోలీసు ప్రకటన ఒకే భాషలో ఉంటుంది.

సవాక్‌లో ఎంతమంది పనిచేసేవారన్న ప్రశ్నకు అప్పట్లో యాభై వేలు, అరవై వేలు అని ప్రచారం జరిగేది. పూర్తికాలపు సిబ్బంది అయిదు వేల చిల్లర మాత్రమేనని పరిశోధకుల అంచనా. ఆ సంఖ్యతో మూడున్నర కోట్ల జనాభాను కనిపెట్టుకుని ఉండటం అసాధ్యం. ఆ లోటును పూరించింది భయం. టాక్సీలో పక్కన కూర్చున్నవాడు, తరగతిలో వెనక బల్ల మీదివాడు సవాక్ మనిషి కావచ్చు. అమెరికాలో షాకు వ్యతిరేకంగా ఊరేగిన ఇరానీ విద్యార్థులు ముఖాలకు ముసుగులు వేసుకునేవారు. తమ ఫోటో టెహ్రాన్ చేరితే ఇంట్లోవాళ్లకు ముప్పు అన్నదే భయం. తన గురించిన పుకార్లను సవాక్ ఎన్నడూ ఖండించలేదు. అవి దానికి జీతం ఇవ్వనక్కరలేని ఉద్యోగులు.

భయానికి చెల్లించిన మూల్యం

భయం మీద నడిచే సంస్థ తన విశ్వసనీయతను పూర్తిగా పోగొట్టుకుంటుంది. 'చిన్న నల్ల చేప' కథ రాసిన సమద్ బెహ్రంగీ 1968లో నదిలో మునిగి చనిపోతే సవాక్ చంపిందని దేశమంతా నమ్మింది. అది ప్రమాదమేనని ఆ రోజు వెంట ఉన్న మనిషి తరువాత చెప్పినా ఎవరికీ పట్టలేదు. 1977లో మేధావి అలీ షరీఅతీ ఇంగ్లండ్‌లో గుండెపోటుతో మరణిస్తే అప్పుడూ అదే మాట.

దీని పరాకాష్ఠ 1978 ఆగస్టు 19న కనిపించింది. మొసాద్దెక్‌ను కూల్చి సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజది. అబాదాన్ నగరంలోని రెక్స్ సినిమా హాలుకు ఎవరో నిప్పుపెట్టారు. సుమారు నాలుగు వందలమంది సజీవదహనమయ్యారు. ప్రభుత్వం మతవాదుల పని అంది. జనం సవాక్ పని అన్నారు. విప్లవం తరువాత 1980లో జరిగిన విచారణలో మతవాద బృందానికి చెందిన ఒకడు నేరం ఒప్పుకున్నాడు. ప్రభుత్వం చెప్పినదాంట్లో నిజం ఉంది, అయితే ఆ నిజాన్ని నమ్మడానికి అప్పటికి ఇరాన్‌లో ఒక్కరూ మిగల్లేదు. చాలా ఏళ్లు అబద్ధాలు విన్న జనం ఆ ఒక్క నిజాన్నీ అబద్ధాల లెక్కలోనే వేసుకున్నారు. అంతకుముందు వరకు తటస్థంగా ఉన్నవారు కూడా ఆ మంటల తరువాత వీధుల్లోకి వచ్చారు.

రెండో మూల్యం ఇంకా పెద్దది. పార్టీలు, కార్మిక సంఘాలు, పత్రికలు, రచయితల సంఘాలు అన్నింటినీ సవాక్ వరుసగా నోరు మూయించింది. 1975లో షా ఉన్న నామమాత్రపు పార్టీలను కూడా రద్దుచేసి 'రస్తాఖీజ్' అనే ఏకైక పార్టీని పెట్టాడు. మతగురువులను కూడా సవాక్ వదిలిపెట్టలేదు. ఎందరినో జైలులో పెట్టింది, కొందరు నిర్బంధంలోనే చనిపోయారు. కానీ గురువును జైల్లో పెట్టినంత తేలికగా మసీదుకు తాళం వేయడం ఎవరి వల్లా కాలేదు. మాట్లాడుకోవడానికి దేశంలో మిగిలిన ఏకైక చోటు మసీదే అయింది. నజఫ్ నుంచి, తరువాత పారిస్ నుంచి ఖొమైనీ ప్రసంగాల కాసెట్లు అక్కడికే చేరాయి. లౌకిక ప్రతిపక్షాన్ని తుడిచిపెట్టి, ఖొమైనీకి ఎదురులేని మైదానాన్ని తయారుచేసి ఇచ్చింది సవాక్ అన్నా అతిశయోక్తి కాదు.

అసలు పరిస్థితి షాకు తెలియలేదా? నివేదికలు వస్తూనే ఉన్నాయి. అయితే ఏమి రాస్తే పదవి నిలుస్తుందో అధికారులకు బాగా తెలుసు. అమెరికాదీ అదే తంతు. ఇరాన్ ఆంతరంగిక రాజకీయాల సమాచారం కోసం సీఐఏ చాలావరకు సవాక్ మీదనే ఆధారపడింది. 1977 చివరి రాత్రి టెహ్రాన్ విందులో అధ్యక్షుడు కార్టర్ ఇరాన్‌ను సుస్థిరతకు నెలవైన ద్వీపంగా కీర్తించాడు. 1978 ఆగస్టులో సీఐఏ అంచనా పత్రం, ఇరాన్‌లో విప్లవ పరిస్థితి గానీ దాని పూర్వస్థితి గానీ లేదని తేల్చింది. అయిదు నెలలకు షా దేశం విడిచాడు.

యజమాని మారాడు, ఇల్లు మారలేదు

1978 జూన్‌లో ప్రజల కోపాన్ని చల్లార్చడానికి షా నసీరీని తొలగించి, పక్రవాన్ లాగే, పాకిస్తాన్‌కు రాయబారిగా పంపాడు. అదీ చాలక నవంబరులో వెనక్కి పిలిపించి అరెస్టు చేయించాడు. రాజుగారి ఆజ్ఞ మోసుకెళ్లి ఒకసారి ఖైదీ అయిన నసీరీ, ఈసారి రాజుగారి ఆజ్ఞతోనే ఖైదీ అయ్యాడు. 1979 జనవరి 16న దేశం విడిచి వెళ్తూ షా అతణ్ణి జైలులోనే వదిలేశాడు. ఫిబ్రవరి నడుమ ఒక రాత్రి, ఖొమైనీ మకాం ఉన్న టెహ్రాన్ పాఠశాల భవనం డాబా మీద విప్లవకారులు నసీరీని కాల్చి చంపారు. చివరి అధిపతి నాసెర్ మొఘద్దమ్‌కు ఏప్రిల్‌లో అదే గతి పట్టింది.

సవాక్‌ను రద్దుచేసింది విప్లవం కాదని చాలామందికి తెలియదు. షా చివరి ప్రధాని షాపూర్ బఖ్తియార్ ఆ హామీతోనే పదవి చేపట్టి, మజ్లిస్‌లో రద్దు చట్టం తెచ్చాడు. కొద్దిరోజుల్లోనే అతని ప్రభుత్వం కూలిపోయింది. 1991లో పారిస్ శివార్లలో ఇరాన్ కొత్త ప్రభుత్వపు ఏజెంట్లు అతణ్ణి హతమార్చారు. రహస్య పోలీసును రద్దుచేసిన మనిషి దాని వారసుల చేతిలో చనిపోయాడు.

వారసులు పుట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. విప్లవం వెంటనే ఒక సంస్థ, 1984లో పూర్తిస్థాయి సమాచార మంత్రిత్వశాఖ వచ్చాయి. ఎవిన్ జైలు మూతపడలేదు. షా కాలంలో అక్కడ ఖైదీగా ఉన్న అసదొల్లా లాజెవర్దీ 1980లలో ఆ జైలుకే అధికారి అయ్యాడు, క్రూరత్వంలో పాతవారిని మించిపోయాడు. 1988 వేసవిలో వేలాది రాజకీయ ఖైదీలను ఉరితీశారు. 1998లో రచయితలను, ప్రతిపక్ష నేతలను వరుసగా హత్యచేసింది తమ సిబ్బందేనని మంత్రిత్వశాఖ స్వయంగా అంగీకరించవలసి వచ్చింది. 'కమిటీ' జైలు ఇప్పుడొక మ్యూజియం. పేరు 'ఎబ్రత్', అంటే గుణపాఠం. మైనపు బొమ్మలతో సవాక్ హింసలను అక్కడ చూపిస్తారు. 1979 తరువాత అవే గదుల్లో కొత్త పాలకులు బంధించినవారి ఊసు ఆ మ్యూజియంలో ఉండదు.

ఈ దాపరికం వల్లనే షా కాలం మీద కొత్త వ్యామోహం పెరుగుతోంది. నేటి పాలన దుర్మార్గాన్ని చూసి విసిగిన యువతరంలో కొందరు, విదేశాల్లోని ఇరానీయుల్లో కొందరు, సవాక్ అంత చెడ్డది కాదనే దాకా వెళ్తున్నారు. దేశీయ భద్రతా విభాగాన్ని నడిపిన పర్విజ్ సాబెతీ నాలుగు దశాబ్దాల అజ్ఞాతం తరువాత 2023లో అమెరికాలో ఒక ప్రదర్శనలో బహిరంగంగా కనిపించాడు. వర్తమానంలోని దుర్మార్గం గతానికి యోగ్యతాపత్రం రాసిపెట్టకూడదు.

మనకేమిటి?

సవాక్‌కు చట్టం ఉంది, ప్రశ్నించే పార్లమెంటు లేదు. మనకు పార్లమెంటు ఉంది, గూఢచార సంస్థలకు చట్టం లేదు. 1887 నాటి వలస పాలకుల ఏర్పాటులో తన మూలాన్ని చూసుకునే ఇంటెలిజెన్స్ బ్యూరో గానీ, 1968లో పుట్టిన 'రా' గానీ పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడలేదు. వాటి అధికారాలకు హద్దులు గీయాలంటూ 2011లో లోక్‌సభలో వచ్చిన ప్రైవేటు బిల్లు చర్చకు నోచుకోకుండానే పోయింది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా మిగతా విషయాల్లో సమాచార హక్కు చట్టం కూడా వాటి గడప దాటదు.

పొరుగున చూస్తే, 1990 ఎన్నికలను తారుమారు చేయడానికి ఐఎస్ఐ అధిపతే నేతలకు డబ్బు పంచాడని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. బంగ్లాదేశ్‌లో సైనిక గూఢచార సంస్థ నడిపిన 'ఆయనాఘర్' రహస్య చెరసాలలు 2024 ఆగస్టులో షేక్ హసీనా పతనం తరువాత పూర్తిగా వెలుగు చూశాయి. అంతటి నిఘా యంత్రాంగం చేతిలో ఉన్న ప్రధాని విద్యార్థుల ఆగ్రహం ఎంతవరకు వచ్చిందో గ్రహించలేక హెలికాప్టర్ ఎక్కి పారిపోవలసి వచ్చింది. టెహ్రాన్ కథే ఢాకాలో మరోసారి జరిగింది.

1977లో ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించినప్పుడు, గెలుపు ఖాయమన్న ఇంటెలిజెన్స్ నివేదికలను నమ్మే ఆ నిర్ణయం తీసుకున్నారని అంటారు. ఆ నివేదికల మాట ఎలా ఉన్నా, మార్చిలో పెట్టెలు తెరిచినప్పుడు నిజం బయటపడింది. ఆమె పదవి దిగారు, మూడేళ్లకు తిరిగొచ్చారు. షాకు అలాంటి అవకాశం లేకుండా చేసింది సవాక్. స్వేచ్ఛగా జరిగే ఎన్నిక, భయం లేని పత్రిక, సమ్మె కట్టే సంఘం, సభలో నిలదీసే సభ్యుడు, వీటిని మించిన వేగులవారు ఏ పాలకుడికీ దొరకరు. అవి తెచ్చే వార్త చేదుగా ఉంటుంది, పదవి పోవచ్చు కూడా. కానీ ఆ వార్త సకాలంలో అందుతుంది. గూఢచార సంస్థలకు చట్టమూ, పార్లమెంటరీ పర్యవేక్షణా కావాలని అడగడం దేశభద్రతకు వ్యతిరేకమని అనేవారు సవాక్ కాపాడిన సింహాసనం ఏమైందో ఒకసారి గుర్తుచేసుకోవాలి.